‘వీడు మావాడే’ అనే పెద్దాయనకి మనం ఎంత బాకీ?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి ముందు అది క్లుప్తంగా చెప్తాను. మీది రాజాం దగ్గర పల్లె. నాన్నగారు ఇరవై రెండేళ్ళు ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర కంబారిగా, అంటే ఏడాది జీతం మీద పాలేరుగా చేశారు. ఆయన మీకు పదో తరగతి దాకా పుస్తకాలు, బట్టలు కొనిచ్చారు. అక్క పెళ్ళికి ఇరవై వేలు ఇచ్చారు. మీ ఇంజినీరింగ్ ఫీజు ‘ఆయనే కట్టించారు’. ఇప్పుడు మీరు విశాఖలో ఉద్యోగం చేస్తున్నారు. సంక్రాంతికి ఊరెళ్తే, పదిమందిలో మీ భుజం మీద చెయ్యి వేసి, ‘వీడు మావాడే, మేమే చదివించాం’ అన్నారు. పక్కనే నాన్నగారు చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డారు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదు. ఇప్పుడేమో, వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకి వచ్చేలా ఉందని, వస్తే మీ అమ్మగారిని నిలబెడతానని కబురు చేశారు. ‘ఒప్పుకోకపోతే విశ్వాసం లేనివాడినవుతానా?’ అని అడిగారు.

నేను 1987లో, మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, జూనియర్ అసిస్టెంటుగా చేరాను. శ్రీకాకుళం జిల్లా మండల పరిషత్ ఆఫీసుల్లో 32 ఏళ్ళు చేసి 2019లో రిటైరయ్యాను. మీ రాజాం అప్పట్లో మా జిల్లాలోనే ఉండేది, 2022లో విజయనగరంలో కలిసింది. పింఛన్లు, ఇళ్ళు, రేషన్ కార్డులు, పంచాయతీ లెక్కలు, ఇవే నా ఉద్యోగం. మీరు నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న అయినా ‘మీరు’ అనే రాస్తాను. మనం మాట్లాడుకునే విషయమే అలాంటిది.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఆయన తన జేబులోంచి తీసి ఇచ్చినవి రాయండి. రెండో గడిలో ప్రభుత్వం ఇస్తే ఆయన చేతి మీదుగా మీకు వచ్చినవి రాయండి. మూడో గడిలో మీ ఇంటి నుంచి ఆయన ఇంటికి వెళ్ళినవి రాయండి.

మొదటి గడిలో పుస్తకాలు, బట్టలు, అక్క పెళ్ళి డబ్బు వస్తాయి. ఇవి నిజమైన సాయం. కాదనడానికి వీల్లేదు, కాదనకండి కూడా. ఊళ్ళో డబ్బున్నవాళ్ళందరూ కంబారి పిల్లలకి పుస్తకాలు కొనలేదు, ఆయన కొన్నారు.

రెండో గడిలో మీ ఇంజినీరింగ్ ఫీజు వస్తుంది. అది ఆయన కట్టించింది కాదండీ. మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అర్హత ఉన్న పిల్లలకి ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది. ఆయన మహా అయితే ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్ ఆఫీసుకి ఒక ఫోను చేసి ఉంటారు. ఆ ఫోను వల్ల మీ పని నాలుగు రోజులు ముందు అయిందేమో, దానికి థాంక్స్ చెప్పొచ్చు. నాలుగేళ్ళ చదువుకి బాకీ పడనక్కర్లేదు. మీ నాన్నమ్మ పింఛను, రేషన్ బియ్యం, ఇల్లు, అన్నీ ఈ గడిలోనే రాయండి. బియ్యం 2013 ఆహార భద్రత చట్టంతో హక్కు అయింది. ‘బాబుగారు ఇప్పించారు’ అని మీ ఇంట్లో ఎన్ని వస్తువుల గురించి అంటారో ఒకసారి వినండి. సగానికి పైగా ఈ గడిలోకే వస్తాయి.

మూడో గడి దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ఈ గడిని మన ఇళ్ళలో ఎవరూ రాయరు. నాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పశువులకి కుడితి పెట్టేవారు. దుక్కి, నాటు, కోత, నూర్పు, రాత్రిళ్ళు కల్లంలో కావలి, వాళ్ళింట్లో పెళ్ళయితే పందిరి, చావయితే కట్టెలు. కంబారితనానికి ఏడాదికింత అని ధాన్యం, పండగకి పంచె. పనికి గంటల లెక్క లేదు. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది, వ్యవసాయ పని కూడా అందులో ఉండేది. ఆ చట్టం ప్రకారం రావలసిన దానికీ నాన్నగారికి అందిన దానికీ తేడా కట్టి చూడండి. ఇక అమ్మగారు ఆ ఇంట్లో పేడ తీసి, వాకిలి చిమ్మి, ధాన్యం చెరిగిన పనికి అసలు కూలే లేదు, అది నాన్నగారి కూలిలోనే కలిసిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాతపట్నం వైపు ఒక కుటుంబానికి ఇలాగే కట్టి చూశాను. ఆ లెక్క ముందు పుస్తకాలు, బట్టలు ఏ మూలకీ రావు.

ఆయన చెడ్డవాడని ఈ లెక్క కట్టమనడం లేదు. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఆయన వైపు ఖాతా ఒక్కటే నడిచింది. అప్పు అయితే నోటు ఉంటుంది, వడ్డీ ఉంటుంది, తీర్చాక కాగితం చింపేస్తారు. దయకి కాగితం ఉండదు కాబట్టి చింపడానికీ ఏమీ ఉండదు. తండ్రి తీసుకుంటే కొడుకు మీద పడుతుంది, కొడుకు దాటేస్తే వాడి తల్లి ఓటు మీద పడుతుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో అప్పుని రద్దు చేయగలిగింది. ఈ లెక్కలేని బాకీని ఏ చట్టమూ పట్టుకోలేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది, అది చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను పథకం పెట్టింది, నెలకి 75 రూపాయలు. అప్పట్లో నేను చూసే ఊళ్ళలో ఒక ఊరి పింఛను ఒక నాయకుడి ఇంటి అరుగు మీద పంచేవాళ్ళం. నీడ ఉంటుంది, కుర్చీలు ఉంటాయి, మంచినీళ్ళు ఇస్తారు, మా సిబ్బందికి సుఖం. రిజిస్టరు అక్కడికి పంపింది నేనే. ఒకరోజు నేనూ వెళ్ళాను. ముసలివాళ్ళు ఇరవై మంది వాకిట్లో గొంతుక్కూర్చున్నారు. ఆయన స్నానం అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకూడదు, ఆయన చేత్తోనే ఇవ్వాలి. గంటన్నర పట్టింది. ఒక అవ్వ తన పెరట్లో కాసిన ఆనపకాయ తెచ్చి అరుగు చివర పెట్టింది. 75 రూపాయలు తీసుకుని కళ్ళకద్దుకుని, ‘బాబూ, సల్లగుండు’ అంది ఆయనతో. ఆయన ఆ కాయని కాలితో పక్కకి జరిపి, ‘ఇంకా బతికే ఉన్నావా ముసలీ?’ అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ నవ్వు మీ నాన్నగారి నవ్వే. నేను మరుసటి నెల నుంచి పంపకం బడిలోకి మార్చాను. అయినా అంతకుముందు రెండేళ్ళ పాటు ప్రభుత్వ డబ్బుని ఒకరి దయగా మార్చిన మనిషిని నేనే. ఆయన తన జేబులోంచి పైసా తీయలేదు. ఒక గుమ్మం దొరికింది, ఆ గుమ్మంలో నిలబడ్డాడు. దాన్ని ఆయనకి అప్పజెప్పింది ఆఫీసు. నేను తర్వాత చూసిన ప్రతి పెద్దరికం వెనకా ఇలాంటి గుమ్మం ఒకటి ఉంది: సంతకం, సిఫారసు, జాబితాలో పేరు, పోలీస్ స్టేషనుకి ఒక ఫోను. పార్టీలు మారాయి, కమిటీల పేర్లు మారాయి, గుమ్మాలు మాత్రం ఏదో ఒకచోట మిగులుతూనే వచ్చాయి. ఇప్పుడు పింఛను ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, 2024 జులై నుంచి వృద్ధులకి నాలుగు వేలు. ఆ అవ్వలాంటివాళ్ళు ఎండలో కూర్చోనక్కర్లేదు, ఇది నిజంగా పెద్ద మార్పు. కానీ డబ్బు చేతిలో పెడుతూ ఫొటో తీసి, ‘ఎవరిస్తున్నారో గుర్తుందా అవ్వా?’ అని అడిగే అలవాటు ఏ పార్టీ హయాంలోనూ పోలేదు.

మన ప్రాంతంలో ఇది ఇంత లోతుగా ఎందుకు పాతుకుందంటే, 1802 నుంచి శాశ్వత శిస్తు కింద ఇక్కడి ఊళ్ళు జమీందార్ల చేతిలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస, ఇంకా చిన్నవి ఎన్నో. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఆ తర్వాత కూడా భూమి కాగితం కరణం గారి పెట్టెలోనే ఉండేది. వంశపారంపర్య కరణం, మునసబు పదవులు 1984లో పోయాయి, అప్పటికి నాకు పాతికేళ్ళు. మా నాన్న కరణం గారి అరుగు ముందు చెప్పులు విప్పి, వాటిని చంకలో పెట్టుకుని నడవడం నేను చూశాను. మీరు ఈ వ్యవస్థకి మరీ దూరమేం కాదు. నాన్నగారు, తాతగారు దాటితే అక్కడికే వెళ్తారు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. నాన్నగారు చేతులు జోడించినందుకు సిగ్గుపడకండి. ఆ చేతులు జోడించడం ఆయన నేర్చుకున్న పనుల్లో ఒకటి. మీ కడుపు నిండడానికి, మీరు బడికి వెళ్ళడానికి దాన్ని వాడారు. చదువుకున్న పిల్లలు పండగకి ఊరొచ్చి ‘మా నాన్నకి బానిస బుద్ధి పోలేదు’ అనడం నేను చాలాసార్లు విన్నాను. అదీ చిన్నచూపే, కాకపోతే సొంత ఇంట్లోంచి వస్తుంది.

చిన్నచూపు ఎప్పుడూ తిట్టు రూపంలోనే రాదు. ఎక్కువసార్లు ప్రేమ రూపంలో వస్తుంది. మా ఆఫీసు నోట్‌ఫైళ్ళలో సీతంపేట, కొత్తూరు వైపు ఊళ్ళ గురించి ‘అమాయక గిరిజనులు’ అని రాసేవాళ్ళం, నేనూ రాశాను. కొండపోడులో ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో, ఏ వానకి ఏ గెడ్డ పొంగుతుందో తెలిసిన మనుషులు వాళ్ళు. మన కాగితం చదవడం రాకపోతే అమాయకులైపోయారు. మరి ఇదే నేల మీద శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులకి మేలు చేయాలనుకున్నప్పుడు ముందు వాళ్ళ భాష నేర్చుకున్నారు. అంటే సవర మనిషి చెప్తుంటే తాను విద్యార్థిగా విన్నారు. ఆ తర్వాతే వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో చదువు అన్నారు. సాయం చేసేవాడు ఎదుటివాడి దగ్గర ఏదైనా నేర్చుకున్నాడా లేదా అన్నది నేను ఇప్పటికీ చూసే గుర్తు. మీ పెద్దాయన నాన్నగారిని ఎప్పుడైనా ‘ఈ మడికి ఏం వేద్దాం?’ అని అడిగేవారా? అడిగి ఉంటే ఆయనతో మీ మాట తేలిక అవుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నన్ను ఉద్దానంలో స్పెషల్ డ్యూటీకి వేశారు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. బియ్యం, నూనె, దుప్పట్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. పంపినవాళ్ళకి దండం పెట్టాలి, నిజంగా ఆకలి తీర్చారు. ఒక లారీ దగ్గర మాత్రం కుర్రాళ్ళు ప్రతి ప్యాకెట్‌కీ ఫొటో తీస్తున్నారు. ఒకామె వంతు వచ్చింది, యాభై ఏళ్ళుంటాయి. ‘ఇటు చూడమ్మా, కొంచెం నవ్వు’ అన్నారు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది. ప్యాకెట్ ఇవ్వకుండా ‘ఏటమ్మా, ఫొటోకి కూడా ఇబ్బందేనా?’ అన్నాడు ఒకడు. ఆమె వరసలోంచి పక్కకి వచ్చేసింది. తర్వాత ఇంటికి వెళ్ళి అడిగితే తెలిసింది, ఆమెకి ఎనభై కొబ్బరి చెట్లు ఉండేవి, రెండు మిగిలాయి. వారం కిందటి దాకా ఆ వాకిట్లోకి ఎవరొచ్చినా బొండాం కొట్టి ఇచ్చే ఇల్లు అది. ఆ కుర్రాళ్ళకి దురుద్దేశం లేదని నేను నమ్ముతాను. ఆమె నిన్నటిదాకా ఇచ్చే మనిషని వాళ్ళకి తోచలేదు, అంతే. ఆ రోజు ఆమె ఆకలితోనే వెళ్ళింది.

సాయం గౌరవంగా కూడా అందుతుంది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు పక్కనున్న విజయనగరం జిల్లా మొదటి విడతలోనే ఉంది, మా జిల్లాకి మరుసటి ఏడాది వచ్చింది. మనవాళ్ళు దాన్ని కరువు పని అన్నారు. పని అడిగితే పదిహేను రోజుల్లో చూపించాలి, కూలి వాళ్ళ ఖాతాలో పడాలి. మొదటి వేసవిలోనే ముగ్గురు పెద్ద రైతులు మా ఆఫీసుకి వచ్చి, ‘కూలోళ్ళు మాట వినట్లేదు, ఇదివరకు కబురెడితే వచ్చేవాళ్ళు, ఇప్పుడు కూలెంత అని అడుగుతున్నారు’ అని ఫిర్యాదు చేశారు. ‘కూలెంత’ అనే ఆ ప్రశ్న వాళ్ళకి అవమానంగా అనిపించింది. సామాజిక తనిఖీ సభలో అయితే, ఒక కంబారి మస్తరు (కూలీల హాజరు) కాగితం పట్టుకుని లేచి, ‘ఈ ఆరు రోజులు నాను పన్లోకి ఎల్లలేదు, నా పేరు మీద డబ్బెవులు తీసేరు?’ అని అడిగాడు. సభలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నా సర్వీసులో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తున్న వాక్యం అది. అతనికి ఎవరూ ధైర్యం దానం చేయలేదు, కాగితం చేతికి వచ్చింది.

ఇక మీ పెద్దాయన సంగతి. తెగతెంపులు వద్దు. మొదటి గడిలో ఉన్నదానికి ఆయన ఇంటికి వెళ్ళి, నలుగురూ లేనప్పుడు, స్పష్టంగా పేరు పెట్టి చెప్పండి: ‘ఆరో తరగతిలో మీరు కొన్న పుస్తకాలు, అక్క పెళ్ళికి ఇచ్చిన డబ్బు నేను మర్చిపోను.’ ఆ ఇరవై వేలు తిరిగి ఇవ్వాలనిపిస్తే, ఆయన చేతికి ఇస్తే కోపం వస్తుంది. ఊరి బడిలో పిల్లల పుస్తకాలకి ఖర్చు పెట్టి, ఆయన్నే పిలిచి పంచమనండి. ఫీజు గురించి మాట వస్తే, ‘అది రీయింబర్స్‌మెంట్‌లో వచ్చిందండీ’ అని మామూలు గొంతుతో అనండి. వాదన వద్దు, ప్రతిసారీ ఒకే మాట. ‘మావాడే’ అన్నప్పుడు, ‘అవునండీ, మన ఊరివాణ్ణే’ అనండి. ‘మా’ని ‘మన’ చేయడానికి ఒక అక్షరం చాలు, నలుగురూ వింటారు. ఇంకోటి, ఈసారి వెళ్ళినప్పుడు నాన్నగారిని కూడా తీసుకెళ్ళి, మీరు కూర్చునే ముందు ఆయనకి కుర్చీ వేయండి. ఆయన ‘పర్లేదు, నిలబడతాను’ అంటారు. బలవంతం చేయకండి, మీరూ నిలబడండి. పెద్దాయన ఇద్దరినీ కూర్చోమనేదాకా. ఒక్కసారితో అవదు, మూడు నాలుగు పండగలు పడుతుంది.

అమ్మగారి విషయానికి వస్తే, మీరు అంత పెద్ద ప్రశ్న రాశారు గానీ అమ్మ ఏమన్నారో అందులో ఒక్క ముక్క లేదు. పెద్దాయన నిలబెడతానన్నారు. ఒప్పుకోవాలా అని మీరు నన్ను అడిగారు. ఆవిడ్ని ఎవరైనా అడిగారా? బాధపడకండి, మంచి కొడుకులే ఇలా మర్చిపోతారు. ఈ రోజే ఫోన్ చేసి అడిగి, మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా వినండి. వద్దంటే కథ అక్కడితో అయిపోయింది, ఆవిడ తరఫున మీరు గానీ ఆయన గానీ సర్ది చెప్పకూడదు.

ఊఁ అంటే మాత్రం నిలబడమనే నా సలహా. పంచాయతీల్లో ఎస్సీలకి, మహిళలకి సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సీటు రాజ్యాంగం ఇచ్చింది, అది కూడా మీ రెండో గడిలోదే. ఆయన మద్దతు ఇస్తే తీసుకోవచ్చు, ఊరందరి ఓటూ అడుగుతున్నట్టే ఆయన ఓటూ అడగాలి. కానీ నేను చూసిన చాలా పంచాయతీల్లో మహిళా సర్పంచ్ పేరు బోర్డు మీద ఉండేది, చెక్కుబుక్కు మాత్రం వేరే ఇంట్లో బీరువాలో ఉండేది. మీటింగుకి ఆమె వచ్చి సంతకం పెట్టి టీ తాగకుండానే వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆర్థిక సంఘం నిధులు ఆన్‌లైన్‌లో కదులుతున్నాయి, దానికి సర్పంచ్ డిజిటల్ కీ కావాలి. చిన్న పెన్‌డ్రైవ్ లాంటిది. అది ‘మా దగ్గర భద్రంగా ఉంటుంది’ అని ఎవరు అడిగినా, మీరు అడిగినా సరే, ఇవ్వకూడదు. ఆ మాట గెలిచాక కాదు, నామినేషన్‌కి ముందే పెద్దాయనతో అమ్మగారే చెప్పాలి. అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చూస్తే, ఇస్తానన్న మద్దతు ఏ రకానిదో మీకు తెలిసిపోతుంది.

చదవడం కష్టమైతే బిల్లులు, తీర్మానాలు పంచాయతీ కార్యదర్శి చేత పైకి చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. అది ఆవిడ హక్కు, కార్యదర్శి చేయాల్సిన పని. కుల ధ్రువీకరణ పత్రం ఆవిడ పేరు మీద ఇప్పుడే తీయించండి, ఎన్నికల తేదీ వచ్చాక పరిగెత్తితే మళ్ళీ ఎవరో ఒకరి ఫోను కావాల్సి వస్తుంది. ఓటరు జాబితాలో పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపన్ను బకాయి ఉంటే కట్టి రసీదు దాచండి. ఎస్సీ అభ్యర్థులకి డిపాజిట్ సగమే. ఆ డబ్బు అమ్మగారి చేత్తోనే, మీ ఇంటి డబ్బుతోనే కట్టించండి.